భూమేశ్ ఇచ్చిన నడక

తెల్లారక ముందే బాత్‌రూమ్ దగ్గర లైను, ఆ వెంటనే కంపెనీ బస్సు. గల్ఫ్‌కు పనికొచ్చి అల్ ఖౌద్‌లో ఆ రూమ్‌లో ఉండేవాళ్లందరిదీ ఒకటే పొద్దు. భూమేశ్ మాత్రం అందరికన్నా ముందే లేచి, పోచన్న కళ్లు తెరవకముందే బయటపడేవాడు. మొహం చూపించే ధైర్యం ఉంటే కదా!

పోచన్నకు ఎడమకాలు మోకాలి కింద నుంచి లేదు. కాలు పోయిన ఆ శుక్రవారం సైట్ డ్యూటీ భూమేశ్‌ది, రూమ్‌లో వంట వంతు పోచన్నది. ఊళ్లో బిడ్డ పుట్టినరోజు, కేకు కోస్తుంటే వీడియోలో చూడాలని భూమేశ్ బతిమాలి వంతులు మార్చుకున్నాడు. ఇక్కడ రూమ్‌లో భూమేశ్ వీడియోలో కేకు చూస్తున్న వేళకే అక్కడ సైట్‌లో ఇనుప పలకలు జారి పోచన్న కాలి మీద పడ్డాయి. ఆ మనిషి ఒక్క మాటైనా అనలేదు. తిట్టినా బాగుండేది, భూమేశ్‌కు తిన్న అన్నం ఒంటబట్టేది.

కంపెనీ పెట్టుడు కాలు ఇప్పించింది. సరిగ్గా నడిస్తే స్టోర్‌లో పని, లేకుంటే ఇంటికి పంపుతామంది. క్లినిక్‌కి తోడు వెళ్లమని ఫోర్‌మన్ యాకూబ్ భూమేశ్‌నే పురమాయించాడు, అతను కాదనలేకపోయాడు.

కాళ్లు అమర్చే శేషుకుమారి కాకినాడావిడ. పోచన్నను రెండు కమ్మీల మధ్య నడిపించి, మడమ ఎప్పుడు ఆనుతోందో, బరువు ఎటు పోతోందో కంప్యూటర్‌లో చూసి పెదవి విరిచింది.

"కొలతలన్నీ సరిగ్గానే ఉన్నాయండీ. కాల్లో నడకే లేదు. ఎవరైనా తమ నడక ఇవ్వాలి. ఇచ్చినవాళ్లు ఇక జన్మంతా కాలు ఈడ్చుకోవాల్సిందే, ముందే చెప్తున్నాను."

రక్తం అడిగినట్టే అడిగింది. భూమేశ్ అప్పటికే చెప్పు విడిచాడు.

"నాది తీస్కోండ్రి మేడం."

"పిల్లలున్నోనివి, ఊకో," అన్నాడు పోచన్న.

"నువ్వూకో అన్నా."

ఇద్దరి ఎడమ పాదాలనూ తడి ఇసుక తట్టలో పక్కపక్కన పెట్టించిందావిడ. కాసేపటికి భూమేశ్ కాలు ఈడుస్తూ లేచాడు. పోచన్న కమ్మీలు వదిలేసి గోడ దాకా పోయొచ్చాడు. యాకూబ్ చూసి పోచన్నను స్టోర్‌లో వేశాడు, భూమేశ్‌ను పైకెక్కే పని మాన్పించి ఊడ్చే పనికి పెట్టాడు. పాపం కడుక్కున్నాననుకున్నాడు భూమేశ్.

ఆ సాయంత్రం పోచన్న రూమ్‌లోకి నడిచొచ్చి తన మంచం వైపు అడుగేశాడు. ఎడమకాలు పక్కకి తిరిగింది. మళ్లీ వేస్తే తలుపు వైపు లాగింది. వంటగదికి పోతుంది, బాత్‌రూమ్‌కి పోతుంది, ఆ మంచం దగ్గరికి మాత్రం ససేమిరా అంటుంది.

"నడక భూమేశ్‌ది కద, అలవాటు పోలే," అన్నాడు ఉల్లిగడ్డలు కోస్తున్న నర్సింగ్.

భూమేశ్ తల దించుకున్నాడు. పోచన్న ఆ కాలి మీంచి భూమేశ్ వైపు తిరిగాడు.

"గింతగనం తప్పించుకొని తిరిగినవారా?"

"మొకం చెల్లలే అన్నా."

"కాలు పోయిందని నీ మీద కోపం లేకుండె. ఒక్కనాడన్న వచ్చి పక్కన కూసుంటవని చూసిన. రాలే. గదే బాధైంది."

భూమేశ్ కాలు ఈడ్చుకుంటూ వచ్చి పోచన్న చంక కింద చెయ్యేసి, మొరాయిస్తున్న కాలితో సహా మంచం దాకా తీసుకుపోయి కూర్చోబెట్టాడు. కూర్చున్నాక కూడా అది తలుపు వైపే లాగుతోంది. భూమేశ్ కింద కూలబడి, ఏడుస్తూ, దాన్ని రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు.