కూర్చుంటే లేవని జనం

మార్చి పధ్నాలుగో తేదీ, సోమవారం ఉదయం. నగరాలు కట్టే వీడియో గేమ్ తయారయ్యే ఆ కార్యాలయపు వెనక గదిలో ముగ్గురున్నారు: మేనేజరు, ఆటలోని బొమ్మ మనుషుల నడకకు ప్రోగ్రాం రాసే ఉద్యోగి, అతని వదిన. ఆటలోని కూడళ్లన్నీ ఆవిడ రూపొందించినవే గనక అందరూ ఆవిడను కూడలక్క అంటారు. ఆ కూడళ్లలో ఇకమీదట మనుషులు ఉండాలా, వద్దా అన్నది ఆ పూట తేలిపోవాలి.

తెర మీద ఆవిడకు ప్రాణమైన కూడలి. నడుమ ఫౌంటెను, నీడ ఏ వేళకు ఎటు మళ్లుతుందో చూసి వేసిన బల్లలు, బల్లల నిండా జనం. ఫ్యాక్టరీలో, బడిలో, చివరికి అగ్నిమాపక కేంద్రంలో కూడా నరమానవుడు లేడు. ఊరి చివర ఒక ఇల్లు తాపీగా తగలబడుతోంది.

"ఇల్లు కాలుతుంటే చోద్యం చూస్తున్నారే వదినా, నీ వాళ్లు!" అన్నాడు మరిది.

"నా వాళ్లేమిటి? నడిపించేది నువ్వు."

"నడిపించేది నేనే. కూర్చోబెట్టింది నువ్వు."

కాదనడానికి లేదు. హాయి తగ్గాక మనిషి లేచి వెళ్లాలన్నది ఆట నియమం. నీడకు కొంత, నీటి చప్పుడుకు కొంత, పక్కన మరో మనిషి ఉన్నందుకు కొంత హాయి చొప్పున ఆవిడే కేటాయించింది. పక్కవాడున్నాడని వీడూ, వీడున్నాడని పక్కవాడూ లేవడం మానేశారు. పక్కమనిషి వల్ల కలిగే హాయిని తీసేస్తే ఎవరూ గడప దాటలేదు. మధ్యస్థంగా ఉంచితే కూడలి దాకా వచ్చి, ఖాళీగా ఉందని చూసి వెనుదిరిగారు.

"చుట్టూ కనపడని గోడ పెట్టేద్దాం అక్కగారూ," అన్నాడు మేనేజరు. "లోపలికి ఎవరూ పోరు. ఆడేవాళ్లకు పైనుంచి అందంగానే కనిపిస్తుంది."

"మనుషులు రానిది కూడలి ఎట్లా అవుతుందండీ?"

"ఆ మాత్రం అందానికి మా వదినెందుకు సార్, కేలండర్ బొమ్మ చాలదూ?" అని మరిది నవ్వాడు. ఎవరూ జత కలవలేదు.

"గోడ లేకపోతే ఆట విడుదల కాదు. ఈ గదికి తాళం పడుతుంది. నీ ఉద్యోగం కూడా ఈ గదిలోదేనయ్యా."

మరిది నవ్వు ఆగిపోయింది. ఆవిడ అతని వైపే చూస్తూ, "ఒక్క చిన్న కూడలి తెరిచి ఉంచలేమా?" అంది.

"ఒక్కటి తెరిచినా ఊరంతా అక్కడికే పోతుంది వదినా," అన్నాడతను తలెత్తకుండా.

నిజమేనని ఆవిడకు తెలుసు. "పెట్టెయ్," అంది.

అతని వేళ్లు కదిలాయి. బల్లల మీద వాళ్లు ఒక్కొక్కరే మాయమై ఎవరిళ్లలో వాళ్లు తేలారు. వెనుదిరిగి చూడటం వాళ్లకు ఎవరూ నేర్పలేదు. ఫైరింజను బయలుదేరింది. ఎవరూ లేని కూడలిలో నీళ్లు చిమ్ముతూనే ఉన్నాయి.

రూపకర్త సమ్మతితోనే గోడ పెట్టామన్న కాగితాన్ని మేనేజరు ముందుకు జరిపాడు. ఆవిడ మొదటినుంచి చివరిదాకా చదివి, తప్పిపోయిన కామా ఒకటి పెట్టి, సంతకం చేసింది. ఆయన దాన్ని రెండు మడతలు పెట్టి సొరుగులో పడేశాడు.