నిండని తొట్టి, నిండిన బిందె

నాచ్చియారమ్మ బావి నీళ్ళకు వాసన పట్టిందన్న మాట తమిళుల పెరటాసి నెల మొదటి శనివారం నాడు బయటపడింది. పెరటి గుట్టు పెరటాసిలో రట్టవడం న్యాయమే గాని, రట్టయిన చోటు మాత్రం బాగులేదు. పెరుమాళ్ళ గుడి ముందు, నిండు పంక్తిలో, పులిహోర వడ్డించిన విస్తళ్ళ మధ్య.

కోయంబత్తూరు దగ్గరి కారమడై పక్కనున్న ఆ పల్లెలో తెలుగు మాట్లాడే ఇళ్ళన్నీ ఒకే వంశం కొమ్మలు. పెరటాసి శనివారాల్లో అందరూ గుడి దగ్గర చేరి పులిహోర, చక్కెర పొంగలి వండి స్వామికి తళిగ, అంటే నైవేద్యం, పెడతారు. ఆ వంటకు ఎసరు పోసే మొదటి బిందె నాచ్చియారమ్మ ఇంటి బావి నుంచే రావాలి. కరువొచ్చి ఊరి బావులన్నీ నోరెళ్ళబెట్టిన ఏడాది ఆ ఒక్క బావే అందరి నోళ్ళూ తడిపిందట. అప్పటినుంచి ఆ ఇంటి కోడళ్ళదే ఆ హక్కు. అత్త వీరాయి పోయేముందు నగల పెట్టె తాళం కోడలికి ఇవ్వడం మరిచిపోయింది గాని, ఇత్తడి బిందె ఇవ్వడం మరవలేదు. ఆ బిందె చంకనెక్కితే నాచ్చియారమ్మకు కిరీటం నెత్తినెక్కినట్టే.

అలాంటి బిందె నీళ్ళతో కలిపిన పులిహోరను నవనీతకృష్ణన్ ముద్ద చేసి, నోటి దాకా తెచ్చి, ముక్కు దగ్గర ఆపాడు.

"వదినె, ఇంగువ ఎక్కువైందా, లేకుంటే నీళ్ళలోనే ఏందో ఎక్కువైందా?"

నవనీతకృష్ణన్ ఆమె భర్త అనంతరామకు దాయాది తమ్ముడు. బావికి అవతలి పక్క మెరక మీద అతని ఇల్లు. పేరులో వెన్న, మాటలో సున్నం. ఒక నూలు మిల్లు ఉంది. కొత్తగా కేన్ నీళ్ళ వ్యాపారం కూడా పెట్టి, కేన్ల మీద తన ఫొటో వేయించుకున్నాడు.

వంశంలో పెద్దవాడు బంగారు తాత బిందెలో చెయ్యి ముంచి, వాసన చూసి, ముఖం చిట్లించాడు. అంతే. నీలగిరి కొండల మీదుగా దిగే గాలిని ఇన్నాళ్ళూ మలయమారుతమని మురిసిపోయిన జనం, ఆ మాటను అక్కడికక్కడే రెండుగా విరిచి మొదటి ముక్కనే పట్టుకున్నారు.

"ఇది కక్కూసు తొట్టి నీళ్ళు బావిలో దిగిన వాసన తాతా," నవనీతం లేచి నిలబడ్డాడు. "సుమ్మా, ఊరికే చెప్తుండానా? వదినెవాళ్ళ తొట్టికి కొన్నేళ్ళకొకసారి లారీ వచ్చి పీల్చుకుపోతుండాది. వీధంతా ముక్కు మూసుకునేది తెలిసిందే. మాదీ ఉండాది ఒక తొట్టి. మా నాయన కట్టినాడు. ఈనాటి దాకా నిండలేదు, మూత తియ్యలేదు. తొట్టి అంటే అది!"

పంక్తిలో తలలన్నీ ఊగాయి. నవనీతం ఇంటి నిండని తొట్టి ఆ ఊరికి గొప్ప. సేద్యగాళ్ళ ఊరు. ఎండని బావి ఎంత గొప్పో నిండని తొట్టీ అంత గొప్పే అని వాళ్ళ లెక్క. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళకు ఆ ఇంటివాళ్ళు కాఫీ కంటే ముందు ఆ మూత ఉన్న చోటు చూపించేవారు.

"అందుకని చెప్తుండా. ఇకమీద మొదటి నీళ్ళు మా ఇంటినుంచి పోనీండి. ప్యూర్ నీళ్ళు. సీలు ఉండాది."

"పెరుమాళ్ళకు కావలసింది శీలం అబ్బాయ్, సీలు కాదు," అంది నాచ్చియారమ్మ. నవ్వినవాళ్ళు నవ్వారు గాని, విస్తళ్ళలో పులిహోర మాత్రం ఎవరూ ముట్టలేదు.

బంగారు తాత తీర్పు చెప్పాడు: "నాచ్చీ, ఈ నెల కడాశి, ఆఖరు శనివారం లోపల నీ తొట్టిలో తప్పు లేదని చూపించు. లేకుంటే బిందె నవనీతం ఇంటికి పోతాది. అందాకా ఆ బావి నీళ్ళు ఎవురూ తాగవద్దు."

ఇంటికి రాగానే ఆమె భర్త చేతిలోని పేపరు లాగేసింది.

"మన తొట్టికి అడుగు వేసినారా?"

"వేసినారు… అనుకుంటా."

"అనుకుంటావా! కట్టించింది నువ్వు కాదా?"

"అడుక్కి కాంక్రీటు పోసే రోజు నేను టమాటా లోడు ఎత్తుకుని ఒట్టన్‌చత్రం సంతకు పోయినాను. నువ్వు కాన్పుకు పుట్టింట్లో ఉంటివి. అమ్మ ఒక్కతే మేస్త్రీ దగ్గర నిలబడింది."

అడుగు ఉందో లేదో అడుగుదామంటే అత్త వీరాయి లేదు. ఆ మేస్త్రీ కూడా లేడు. నాచ్చియారమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు. నవనీతం మాట అబద్ధమైతే పోట్లాడవచ్చు. నిజమైతే? ఊరందరి బిడ్డలకూ తన చేత్తోనే ఆ నీళ్ళు పోసినట్టు కాదా?

తెల్లారి ఆమె కోయంబత్తూరులో తొట్లు పరీక్ష చేసే కంపెనీ ఒకటి ఉందని కనుక్కుని ఫోన్ చేసింది. కంపు ఎన్ని పాళ్ళుందో చెప్పేది గనుకనే దాన్ని కంపెనీ అంటారేమోనని అనంతరామ నసిగాడు. ఆమె చూసిన చూపుకు మళ్ళీ పేపరు వెనక్కి పోయాడు.

వ్యానులో దిగిన ఇంజినీరు పేరు బృంద. కాళ్ళకు బూట్లు, చేతులకు తొడుగులు, గొంతు మాత్రం సంతలో వేలంపాట పాడేది. వెనకాలే పీల్చే లారీ వచ్చింది. లారీని చూడగానే వీధంతా వచ్చింది. కొందరు కుర్చీలు కూడా తెచ్చుకున్నారు.

"ఎవురూ దగ్గరికి రావద్దండా! లోపలి గాలి మనిషిని మింగేస్తాది. కెమెరా దిగుతాది, మనిషి దిగేది లేదు."

"అడడే, నువ్వు మన మాట మాట్లాడుతుండావే!" నాచ్చియారమ్మ ముఖం విప్పారింది.

"మాది చిన్నమనూరు అత్తా. ఇంట్లో ఇదే మాట."

మూత లేచింది. గుంపులో ఎవరో "మురుగా!" అని దేవుణ్ణి తలుచుకున్నారు. మురుగే ముందు పలికింది. అందరూ కొంగులూ కండువాలూ ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు. బృంద మాత్రం పాయసం గిన్నెలోకి చూసినట్టు తొంగి చూసి, పొడవాటి కడ్డీ దించి మడ్డి మందం కొలిచింది.

"నిండుగా ఉండాదే!" నాచ్చియారమ్మ భయంగా అంది.

"ఉండాల అత్తా. తొట్టి ఎప్పుడూ నిండుగానే ఉండాల. మడ్డి కింద దిగుతాది, తేట నీళ్ళు మాత్రం పొర్లి పక్క గుంతలోకి పోతాది. మడ్డి పెరిగితే లారీని పిలవాల. మీరు చేసింది సరిగ్గా అదే."

నాచ్చియారమ్మ ఆ మాటను చెవిలో వేసుకుని, మరిది ఇంటి వైపు ఒక్కసారి చూసింది.

"కాని ఈ బయటికి పోయే పైపు వంపు విరిగిపోయిండాది. మార్చాల," అంది బృంద.

"చూసినారా!" నవనీతం పంచె ఎగగట్టాడు. "రోగం ఉండాదని నేను చెప్పలే?"

లారీ గురగురమంటూ తొట్టిని ఖాళీ చేసింది. బృంద నీళ్ళ ధార కొట్టించి అడుగు కడిగించి, దీపమున్న కెమెరాను దించింది. ఆమె చేతిలోని తెర చుట్టూ తలకాయలు మూగాయి. మొదట చీకటి. తర్వాత గోడలు. తర్వాత బూడిదరంగు నేల.

అడుగు ఉంది! నాచ్చియారమ్మ ఊపిరి వదిలింది. వదిలిన ఊపిరి సగంలోనే ఆగింది. ఆ నేల నిండా గీతలు.

"పగుళ్ళు!" నవనీతం కేక వేశాడు. "అడుగంతా పగుళ్ళే! తాతా, రా, చూడు. నీళ్ళు అన్నిట్లోనూ దిగిండాది!"

బృంద కూడా కనుబొమ్మలు ముడిచింది. కెమెరాను ఇంకొంచెం దించింది. గీతలు వంపులు తిరిగాయి. ఒకదాని కింద ఒకటి దూరి, ఒక చుక్కను చుట్టి, ఇంకో చుక్క దగ్గర మలుపు తీసుకున్నాయి.

"ఇదేంది అత్తా? ఇట్లాంటి పగుళ్ళు నేను చూడనేలేదు."

నాచ్చియారమ్మకు కళ్ళజోడు తుడుచుకోవాల్సి వచ్చింది. తుడవాల్సింది కళ్ళజోడు కాదని తర్వాత తెలిసింది.

"అది పగులు కాదు కన్నూ. ముగ్గు."

వీధి మొత్తం తెర మీదికి వంగింది.

"మా అత్తది. శుక్రవారం మెలిక ముగ్గు. అదో, ఆ మూల చుట్టు చూడు, ఒక పక్కకు జారిపోయిండాదా? ఆమె చిటికెన వేలు వంకర. ఎప్పుడేసినా ఆ చుట్టు అట్లే జారేది."

వీరాయికి ఒక పట్టుదల ఉండేది. ఏ కొత్త నేలా ముగ్గు పడకుండా వాడకంలోకి రాకూడదు. పశువుల కొట్టం, కళ్ళం, కోళ్ళ గూడు, దేనికీ మినహాయింపు లేదు. ఆ రోజు మేస్త్రీ కాంక్రీటు పోసి, పైన సిమెంటు నున్నగా రుద్ది లేవగానే, ఆమె తొట్టిలోకి దిగి తడి మీదే వేలితో గీసింది. ఇంకెవరూ ఎప్పుడూ చూడబోని నేల అది. అయినా గీసింది.

"ముగ్గు పడిందంటే నేల ఉన్నట్టే కదా!" బంగారు తాత కర్ర నేలకేసి కొట్టాడు. "వీరాయి సాక్షి చెప్పేసింది రా!"

బృంద అక్కడితో ఆగలేదు. తొట్టిలో మంచినీళ్ళు నింపించి, అంచున గుర్తు పెట్టి, సాయంత్రం దాకా కాపలా కాసింది. నీళ్ళు గుర్తు దగ్గరే ఉన్నాయి, బొట్టు జారలేదు. నిండుకుండ తొణకదంటారు, ఇక్కడ నిండు తొట్టి కూడా తొణకలేదు.

"పైపు వంపు మార్చేయండి అత్తా. మీ తొట్టి పాస్!"

చప్పట్లు మోగాయి. నవనీతం మెల్లగా జారుకోబోయాడు. అప్పుడు నాచ్చియారమ్మ గొంతు సవరించుకుంది.

"ఇదేం గొప్ప కన్నూ! మా మరిది ఇంట్లో ఉండాది చూడు తొట్టి. ఈనాటి దాకా నిండిందే లేదు. దాన్ని చూడకుండా పోతే, కారమడై దాకా వచ్చి రంగనాథుణ్ణి చూడకుండా పోయినట్టే."

"నిండిందే లేదా?" బృంద కళ్ళు పెద్దవయ్యాయి. ఆమె నాచ్చియారమ్మను చూసింది. నాచ్చియారమ్మ ఆకాశాన్ని చూసింది.

నవనీతం ఛాతీ పొంగింది. "ఒక్కసారి కూడా లేదు!"

"ఏమండీ, వద్దండీ," అతని భార్య, పేరే శ్రీమతి, చొక్కా పట్టి లాగింది.

"ఏమిటికి వద్దు? చూడనీ! తొట్టి అంటే ఎట్లుండాలో ఊరంతా చూడనీ!"

వీరాయి ముగ్గు వేసింది. మరిదిగారు ముగ్గులోకి దిగారు.

కారు షెడ్డులో టైల్సు పగలగొట్టి మూత లేపారు. కెమెరా దిగింది. దిగుతూనే ఉంది. గుండ్రటి గోడ, సున్నమూ సిమెంటూ లేని రాతి వరస, పక్కన దిగడానికి రాతి మెట్లు కూడా! అడుగున నల్లని బురద, దాని కింద పచ్చి మన్ను.

"ఇది తొట్టి కాదండీ," అంది బృంద. "ఇది బావి."

బంగారు తాత తల కొట్టుకున్నాడు. "ఆమా, అవును! మీ నాయన బావులు తవ్వడంలో మొనగాడు కదరా! మేస్త్రీ చెప్పింది వినకుండా తానే తవ్వినాడు. ఆయన చేతికి తవ్వడం వస్తే వచ్చేది బావే."

"అడుగు లేకుంటే ఏం నిండుతాది మామా?" బృంద నవనీతాన్ని అడిగింది. "మెరక మీద పోసింది పల్లంలోకి పోతాది. మొదట్లో మన్ను వడగట్టి ఉంటాది. ఇన్నేళ్ళకు దానికీ ఓపిక పోయిండాది."

"పోతాదని ఎట్ల చెప్తావు? చూసినావా?" నవనీతం గొంతులో వెన్న కరగడం మొదలైంది.

"చూపిస్తా." ఆమె నవనీతం ఇంటి కక్కూసులో ఆకుపచ్చ రంగు పోసి బకెట్లకొద్దీ నీళ్ళు కొట్టించింది. నాచ్చియారమ్మ ఇంట్లో ఎర్ర రంగు పోయించింది. ఎవరి రంగు బావిలో తేలితే తప్పు వాళ్ళది.

పొద్దున్నే ఊరంతా బావి గట్టు మీద వాలింది. నాచ్చియారమ్మ చేద వేసి పైకి లాగింది. చేదలో చిలక ముక్కు జాడ లేదు గాని చిలక ఒంటి రంగు నిండా ఉంది. పచ్చి నిజమంటే ఏ రంగులో ఉంటుందో ఆ ఊరు ఆ రోజే చూసింది.

ఆ తర్వాత వారాలు నాచ్చియారమ్మకు రోజూ పండగే. బృంద చెప్పగా నవనీతం ఇంటి కక్కూసులకు తాళం పడింది. కొత్త తొట్టి లేచేదాకా ఇంటిల్లిపాదీ బకెట్లు పట్టుకుని నాచ్చియారమ్మ పెరట్లో వరసకట్టారు. నూలు మిల్లు యజమాని పొద్దున్నే పంచె బిగించి, తలుపు కొట్టి, "వదినె, కొంచం త్వరగా…" అంటూ కాళ్ళు మార్చి నిలబడేవాడు.

"నిదానం అబ్బాయ్," ఆమె లోపలినుంచే అనేది. "మాది నిండే తొట్టి. చూసుకుని వాడు."

శ్రీమతి మాత్రం మొదటి రోజే కన్నీళ్ళు పెట్టుకుంది. "అక్కా, ఊరి బిడ్డలకు ఏమైనా అయ్యుంటే?" ఆమెకు నాచ్చియారమ్మ కాఫీ ఇచ్చింది. నవనీతానికీ ఇచ్చింది, అతనికి చక్కెర తగ్గించి.

బావిని పూర్తిగా తోడించి, మందు వేసి, మళ్ళీ తోడించారు. కొత్త తొట్టికి చదరంగా గోడలు లేచాయి. అడుగుకు సిమెంటు రుద్దిన రోజు నవనీతం వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఈసారి చేతిలో బకెట్ లేదు.

"వదినె… సిమెంటు ఆరిపోతుండాది. వచ్చి ఒక ముగ్గు…"

ఆమె వెళ్ళింది. నిచ్చెన దగ్గర ఆగి, "నీ తొట్టి, నీ వేలు," అంది. మిల్లు యజమాని కొత్త తొట్టిలో ముంగాళ్ళ మీద కూర్చుని, నాలుక బయటపెట్టి, జిలేబీ లాంటిది ఒకటి గీశాడు. అది ముగ్గు కాదని ఊళ్ళో ప్రతి ఆడదీ చెప్పగలదు. అడుగు ఉందని మాత్రం ఎవరైనా చెప్పగలరు.

పెరటాసి చివరి శనివారానికి ముందురోజు నీటి పరీక్ష ఫలితం బృంద ఫోన్‌లో చెప్పింది: తాగవచ్చు.

పొద్దున్నే నాచ్చియారమ్మ తలస్నానం చేసి, చింతపండుతో తోమిన బిందెను బావిలో ముంచి చంకనెత్తుకుంది. వీధి పొడుగునా జనం. వెనకాలే రెండో బిందె భుజాన పెట్టుకుని నవనీతకృష్ణన్. అడుగడుగునా నీళ్ళు ఒలికి అతని చొక్కా తడిసిపోతోంది. ఆమె బిందె మెడ దాకా నిండి ఉంది. గుడి దాకా ఒక్క చుక్క రాలలేదు.

బంగారు తాత దోసిలి పట్టాడు. ఆమె పోసింది. తాత వాసన చూశాడు, పుక్కిలించాడు, మింగాడు. పొయ్యి దగ్గర ఆడవాళ్ళు గరిటెలు పట్టుకుని ఊపిరి బిగబట్టారు.

"ఏంది తాతా?" నవనీతమే ఆగలేక అడిగాడు.

"ఏముండాది, నీళ్ళ రుచే," తాత మీసం తుడుచుకున్నాడు. "ఎసరు పెట్టండమ్మా. పులిహోరలోకి ఇంగువ మాత్రం వీణ్ణి అడిగి వెయ్యండి."