నాన్న తరఫు ఓటు

ఆ వసంతంలో ప్రభుత్వం ఇంటింటికీ ఒక లావుపాటి పుస్తకం పంపింది. ఇరవై అయిదు యూరప్ దేశాలు కలిసి రాసుకున్న రాజ్యాంగ ఒప్పందం అది. మే నెలాఖరు ఆదివారం ఫ్రాన్స్ జనమంతా దానికి 'సరే' అనో 'వద్దు' అనో ఓటెయ్యాలి. ఊళ్లో చాలామంది దాన్ని పొయ్యి రాజేయడానికి వాడేశారు. అలోయిస్ మాత్రం వంటింటి బల్ల మీద, రొట్టె పక్కన పెట్టించుకున్నాడు. ఎనభై ఏళ్ల ఆయనకు చూపు ఆనడం లేదు. కూతురు ఓదీల్ నేతమిల్లులో పొద్దుటి పని ముగించుకుని రాగానే, "చదువు తల్లీ" అనేవాడు.

ఆవిడ సూప్ తాగుతూ చదివేది. ఒక్కో వాక్యం సగం పేజీ ఉండేది.

"'వక్రించని పోటీ' అంటే ఏంటే?"

"మన మగ్గాలు పోలండ్ పోవడం నాన్నా. అక్కడి పిల్ల నా జీతంలో పావు వంతుకే నేస్తుంది."

"ఆ పిల్లకూ పొట్ట ఉంటుంది కదా."

"మరి నా పొట్ట?"

"నీది కాస్త పెద్దదేలే" అని నవ్వేవాడు. తర్వాత నవ్వు ఆపి, "ఇందులో రాయని ముక్క ఒకటుంది. కొండకు అటువాళ్లూ ఇటువాళ్లూ ఇక కాల్చుకోరని" అనేవాడు.

"రాసిందే అర్థమై చావట్లేదు, రాయనిది ఎక్కడ చదవను!"

అలోయిస్ పుట్టింది ఊరి వెనక కొండకు అటువైపు, జర్మనీ సరిహద్దున ఉన్న అల్జాస్‌లో. యుద్ధంలో జర్మన్లు ఆ నేలను కలిపేసుకున్నారు. అన్న మార్సెల్ కొండ దాటి పారిపోయి ఫ్రెంచి సైన్యంలో చేరాడు. రెండో కొడుకు కూడా పారిపోతే అమ్మానాన్నల్ని నిర్బంధ శిబిరానికి తోలుతారు. అందుకని అలోయిస్ ఆగిపోయాడు. పద్దెనిమిదేళ్లకే అతనికి బలవంతంగా జర్మన్ సిపాయి చొక్కా తొడిగి రష్యాకు పంపారు. తిరిగొచ్చేసరికి మార్సెల్ లేడు. ఇంటికి దగ్గర్లోనే, ఈ కొండల్లోనే, జర్మన్ గుండు తగిలి పోయాడు.

తర్వాత అలోయిస్ మిల్లు పనికి ఇటువైపు వస్తే, ఊరు ఆయన్ను 'బోష్' అంది. జర్మన్ వాళ్లను తిట్టే మాట అది. చిన్నప్పుడు ఓదీల్ ఆ మాట అన్న పిల్లల్ని జుట్టు పట్టుకుని కొట్టేది.

మే మొదట్లో, శరత్కాలానికల్లా మిల్లు మూసేస్తామని యాజమాన్యం చెప్పింది. ఓదీల్ కోటు విప్పకుండానే కుర్చీలో కూలబడింది.

"మూసేది యజమాని. ఈ పుస్తకం కాదు కదా" అన్నాడు అలోయిస్.

"యజమాని చేతికి కత్తి ఇస్తోంది ఈ పుస్తకమే!"

"కత్తంటే ఏంటో నీకు తెలీదు తల్లీ. పని పోతే మళ్లీ దొరుకుతుంది. నాకు మార్సెల్ దొరకలేదు."

"ఎప్పుడు చూసినా మార్సెల్! యాభై ఏళ్లదాన్ని, నాకెవడిస్తాడు పని? నీకేం, వాళ్ల చొక్కా ఒకసారి తొడుక్కున్నవాడివి, అలవాటే. బోష్‌వి, బోష్‌లాగే ఓటేస్తావు!"

అలోయిస్ బల్ల మీది రొట్టె పొడిని అరచేత్తో దగ్గరికి చేర్చి, దోసిట్లోకి తీసుకుని, లేచి తన గదిలోకి వెళ్లాడు.

ఆ తర్వాత చదవమని అడగలేదు. సూప్ పెడితే పక్కింటావిడకు చెప్పినట్టు కృతజ్ఞతలు చెప్పేవాడు. ఓదీల్‌కు అదే నరకం అయింది. క్షమించమని అడగడానికి రోజూ నోరు తెరిచి, ఉప్పు సరిపోయిందా అని అడిగి మూసేది.

వారం తిరక్కుండానే ఆయన కుందేళ్ల గూడు దగ్గర పడిపోయాడు. గుండె. ఆసుపత్రిలో ఒక మధ్యాహ్నం ఓదీల్ వెళ్లేసరికి మంచం పక్క నుంచి పోలీసు ఒకడు లేచి వెళ్తున్నాడు. తన తరఫున ఓటు వేసే అధికారాన్ని అలోయిస్ చట్టప్రకారం ఆ పోలీసు ముందే రాసిచ్చాడు, కూతురి పేరునే.

"నాకెందుకు ఇచ్చావు? పక్కింటి గిలెన్ 'సరే' అంటోందిగా, తనకివ్వాల్సింది."

"గిలెన్ నా కూతురు కాదు."

"తెర వెనక నేను 'వద్దు' వేస్తే ఎవరికి తెలుస్తుంది?"

"నువ్వు వెయ్యవు" అని కళ్లు మూసుకున్నాడు.

ఆదివారం ఓదీల్ తన ఓటు వేసింది. 'వద్దు'. మళ్లీ వరుసలో నిలబడి, తండ్రి కోసం తెర వెనక్కి వెళ్లింది. చేతిలో రెండు చీటీలు, 'సరే' ఒకటి, 'వద్దు' ఒకటి. బయట మిల్లు ఆడవాళ్లు 'వద్దు'కు ఒక్కో ఓటూ పోగేస్తున్నారు. ఆ చిన్న చీటీతో తన మగ్గాన్ని తనే తోసేస్తున్నట్టు అనిపించింది. కళ్లు తుడుచుకుని 'సరే'ను కవరులో పెట్టింది.

మర్నాడు పొద్దున ఆసుపత్రికి వెళ్లింది. దారంతా అబద్ధం చెబుదామనే అనుకుంది. ఆయన మొహం చూశాక చెప్పలేకపోయింది.

"'వద్దు' గెలిచింది నాన్నా."

"మనూళ్లో?"

"మనూళ్లోనూ. నీది మాత్రం 'సరే'లో ఉంది. నా చేత్తోనే వేశాను."

"తెలుసు."

ఓదీల్ ఆయన చెయ్యి పట్టుకుంది. "ఆ రోజు నేనన్న మాట... నన్ను క్షమించు నాన్నా."

అలోయిస్ కిటికీ వైపు తిరిగాడు. "కొండెక్కే ముందు మార్సెల్ కూడా అదే మాట అన్నాడు. 'ఉండు, బోష్‌లాగే ఉండిపో' అన్నాడు. వాడికి జవాబు చెప్పే వీలు చిక్కలేదు. నీకేం చెప్పాలా అనే ఇన్నాళ్లూ ఆలోచిస్తున్నా."

"చెప్పు నాన్నా."

"అలసటగా ఉందమ్మా. రేపు చెప్తాలే."

ఆ సాయంత్రమే పోయాడు.

శరత్కాలంలో మగ్గాలను లారీలకెక్కించారు. దేశం 'వద్దు' అన్నా అవి ఆగలేదు. ఓదీల్ బడి భోజనశాలలో గిన్నెలు కడిగే పనికి కుదిరింది. కొన్నేళ్లకు చాలావరకు అవే మాటలు ఇంకో పేరుతో ఒప్పందమై వచ్చాయి. ఈసారి జనాన్ని అడగకుండా పార్లమెంటే 'సరే' అనేసింది.

"చూశావుటే!" అని గిలెన్ మండిపడింది. "నేను 'సరే' అన్నదాన్నే, నాకే ఒళ్లు మండుతోంది. మీ నాన్నుంటే సంబరపడేవాడా, తిట్టేవాడా?"

ఓదీల్ గిన్నె కడుగుతూ ఆగింది. "తెలీదే" అంది. "ఆయన ఏమనేవాడో నాకు నిజంగా తెలీదు."