బుట్ట బరువు, పరుపు పరువు

"రేపట్నుంచి కొట్లో అందరికీ శిక్షణ" అని పెద్దాయన పొద్దున్నే ప్రకటించారు. వెనక గదిలో పరుపుల అంచులు కుట్టే మిషన్ తాత చెవిదాకా ఆ మాట వచ్చింది గానీ, చివరి అక్షరం దారిలోనే దిగిపోయింది. ముప్పయ్యేళ్ళుగా కుట్టుమిషను పక్కన కూర్చున్న చెవి అది. వచ్చినంతవరకు పుచ్చుకుంటుంది, రానిదాన్ని అడగదు.

"అందరికీ శిక్షట" అని తాత గోడౌన్లోకి కబురు మోసుకెళ్ళాడు.

"ఏం చేశామని తాతా?" అన్నాడు వ్యాను డ్రైవరు.

"ఏదో చేసే ఉంటాంలే."

మధ్యాహ్నానికల్లా చేసినవన్నీ బయటపడ్డాయి. డెలివరీకి తీసుకెళ్ళే పరుపుల మీద దారిలో తానో కునుకు తీస్తున్నానని డ్రైవరు ఎవరూ అడక్కుండానే ఒప్పేసుకున్నాడు. సరుకు ఎత్తే మనిషి కడుపునొప్పని ఇంటికి పోయాడు. చివరికి పెద్దాయన కోడలు వచ్చి, ఇది శిక్ష కాదు, అమ్మకంలో శిక్షణ అని అందరినీ కూర్చోబెట్టి చెప్పింది. తాత కూడా తలూపాడు.

"ఎన్నాళ్ళమ్మా?"

"మూడు రోజులు తాతా."

"పోన్లే, తక్కువే వేశారు."

ఈ శిక్షణ కోడలి ఆలోచన. మామగారిని ఒప్పించడానికి ఆమెకు చాలాకాలమే పట్టింది. ఒప్పుకున్నా ఊరికే ఒప్పుకోలేదాయన. అవతలి వీధిలో కొత్త కొట్టు తయారై తాళం వేసి ఉంది. "చూడమ్మా, నీ శిక్షణకి రాబడి కనిపించిందా, ఆ తాళాలు నీకు. కనిపించలేదా, అల్లుడుగారికి. నువ్వు మళ్ళీ బిల్లుల బల్ల దగ్గరే."

అల్లుడుగారంటే ఆమె ఆడపడుచు భర్త. ఆయనకు ఈమె వరసకి చెల్లెలు. వరస కుదిరింది గానీ పొత్తు కుదరలేదు. పడకలమ్మే కొట్లో ఇద్దరికీ పడక రోజుకో కొట్లాట. ఈమె శిక్షణ అంటే, ఆయన కొట్టు నెత్తిన రంగురంగుల లైట్ల బోర్డు పెట్టించాడు. ఇక బేరం పెరిగినా అది బోర్డు మహిమే అనడానికి వీలుగా.

పోనీ బిల్లులు చూపిద్దామా అంటే పెద్దాయన బిల్లుల్ని నమ్మరు. "పరుపు కొనేవాడు ఇవాళ చూసి ఇవాళ కొనడు. ఈ నెల బిల్లు పోయిన నెల కష్టం. నీ శిక్షణ పని చేస్తుందో లేదో బిల్లేం చెబుతుంది?" ఆయన కొలత వేరు. కొట్లో ఎవరు ఏ పరుపు మీద ఒరిగినా ముందు దానిమీద ఉతికిన దుప్పటి పరవాలి, వాళ్ళు లేవగానే అది మాసిన బుట్టలో పడాలి. సాయంత్రం ఆయన వచ్చి రెండు చేతులా బుట్ట ఎత్తి చూస్తారు. బరువుగా ఉంటే బేరం బాగున్నట్టు, మనుషులు బాగా మాట్లాడినట్టు. "మనిషి అబద్ధమాడతాడు గానీ మాసిన దుప్పటి ఆడదు" అంటారు.

అంత నమ్మకమున్న మనిషి ఇంట్లో మాత్రం చెక్కబల్ల మీద పడుకుంటారు. సరుకు మనమే వాడేస్తే అమ్మేదేముంది అని ఆయన లెక్క. ఏళ్ళ తరబడి నిద్రపట్టదు. పట్టని నిద్రంతా పగలు కోపంగా తేలుతుంది.

శిక్షణకు ముందు కొట్లో అమ్మకమంతా మైకు మీద నడిచేది. మైకంటే యంత్రం కాదు, మనిషి. అతను గొంతు విప్పితే ఎదురు వరస కొట్ల వాళ్ళు కూడా మన పరుపుల వివరాలు తెలుసుకునేవారు. కొనడానికి వచ్చినవాళ్ళు ఆ గొంతు తాకిడికి ఓ పరుపు మీంచి ఇంకో పరుపు మీదికి దూకుతూ వెళ్ళేవారు. దూకిన చోటల్లా ఓ దుప్పటి. బుట్ట నిండి పొర్లేది.

శిక్షణ ఇవ్వడానికి బయటినుంచి వచ్చిన మేడమ్ ఒకటే నేర్పింది. గొంతు తగ్గించండి, మెల్లగా చెప్పండి, మధ్యమధ్య ఆగండి, మనిషిని తొందరపెట్టకండి. మైకు బుద్ధిగా నేర్చుకున్నాడు. మరీ బుద్ధిగా నేర్చుకున్నాడు. మొదటిరోజే ఓ పెద్దావిడ పక్కన నిలబడి "ఇది... మెత్తన... కానీ లోపల... గట్టిదనం..." అంటుండగా లోపల గట్టిదనం సంగతి వినకుండానే ఆవిడ గురక పెట్టింది. మైకు గొంతులో అంత మైకం ఉందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

అప్పటినుంచి అదే వరస. వచ్చినవాళ్ళు వచ్చినట్టు పడుకుంటున్నారు, సాయంత్రానికి లేచి, ఒళ్ళు విరుచుకుని, బిల్లు రాయించుకుని పోతున్నారు. కోడలికి మాత్రం బుట్ట బెంగ పట్టుకుంది. "కాస్త గట్టిగా మాట్లాడు బాబూ, లేపెయ్" అని మైకుని బతిమాలింది.

"తొందరపెట్టకూడదన్నారు కదండీ" అని మైకు గుసగుసలాడాడు. ఆ గుసగుసకి ఆమెకే ఆవలింత వచ్చింది.

తాత జాలిపడి రోజూ మైకుకి బిస్కెట్లు ఇచ్చేవాడు. "పాపం, నోరు కట్టేశారు. మంచి గొంతు. ఇంకా ఎన్నాళ్ళో" అని తల నిమిరేవాడు.

ఇంతలో బుట్ట తేలిపోయింది. పెద్దాయన ఎత్తబోతే బుట్టే చేతుల్లోకి ఎగిరొచ్చింది. "మనుషులే రావట్లేదా అమ్మాయ్?" అన్నారు. వస్తున్నారు, వచ్చి పడుకుంటున్నారు అని చెప్పాలి. చెబితే, పరుపుల కొట్టు పరువు తీసి సత్రం చేశావా అంటారు. చెప్పకపోతే తాళాలు పోతాయి. రాబడి తేలలేదు గానీ రాపిడి మాత్రం రోజూ తేలింది.

"రేపు పగలే వస్తా. ఎదురుగా చూసి తేలుస్తా" అన్నారాయన.

మర్నాడు మధ్యాహ్నం కొత్త తాళాల గుత్తి జేబులో గలగలలాడించుకుంటూ వచ్చారు. వెనకే అల్లుడుగారు. నేరుగా బుట్ట దగ్గరికెళ్ళి ఎత్తారు. అడుగున ఒక్క దుప్పటి.

"చూశారా మామయ్యగారూ" అన్నాడు అల్లుడుగారు. "నా బోర్డు పుణ్యాన జనం గుమ్మందాకా వస్తున్నారు. చెల్లెమ్మ శిక్షణ పుణ్యాన వెనక్కి పోతున్నారు."

"వెనక్కెవరూ పోలేదు అన్నయ్యగారూ" అంది కోడలు. ఇక దాచి లాభం లేదనిపించి హాలు తెర పక్కకు లాగింది.

హాలు నిండా నిద్ర. గోడవారన ఓ బస్సు కండక్టరు బోర్లా పడుకున్నాడు. ఓ జంట ఎడమొహం పెడమొహంగా ఒకే పరుపు మీద ఒకే తాళంలో గురక పెడుతోంది. ఓ టీచరు కళ్ళజోడుతోనే నిద్రలో ఎవరినో మందలిస్తోంది.

"ఇది కొట్టా, సత్రమా?" పెద్దాయన మొహం కందగడ్డైంది. "ఈ మైకేం చెబుతున్నాడో నేనూ వింటా." అని ఖాళీగా ఉన్న పరుపు మీద చతికిలబడ్డారు. కూర్చునేముందు అలవాటు కొద్దీ తానే దుప్పటి పరిచారు.

మైకు దగ్గరికొచ్చాడు. గొంతు ఇంకా మెత్తబడింది. "అయ్యగారూ... ఒక్కసారి... వెనక్కి ఒరగండి... తొందరేం లేదు..."

పెద్దాయన పరీక్ష చెయ్యడానికే ఒరిగారు. పరీక్ష చెయ్యడానికే కళ్ళు మూశారు. ఆ తర్వాత పరీక్ష ఎటుపోయిందో ఎవరికీ తెలియదు. జేబులో తాళాలు కూడా గలగల మానేశాయి.

"లేపు చెల్లెమ్మా" అన్నాడు అల్లుడుగారు.

"ఎన్నేళ్ళ తర్వాత పట్టిన నిద్రో. మీరు లేపండి."

ఆయన రెండడుగులు వేసి, మామగారి కోపం గుర్తొచ్చి, మూడోది వెనక్కి వేశాడు.

ఎండ గుమ్మం దాటి పోతుండగా పెద్దాయన కళ్ళు తెరిచారు. పైకప్పు చూశారు, మైకుని చూశారు, కింద దుప్పటి చూశారు. నిదానంగా దాన్ని తడిమి, పక్కనున్న బుట్టలోకి చూశారు. ఆయన మొహంలో కోపం వెతికినా దొరకలేదు.

"అమ్మాయ్, మధ్యాహ్నమంతా పడుకున్నా. ఎన్ని దుప్పట్లు మాసినట్టు?"

"ఒక్కటే మామయ్యా."

"అదీ సంగతి. మైకు అరిచినప్పుడు ఒక్క మనిషి పది పరుపులు తిరిగేవాడు, నేను పదిమంది అనుకునేవాణ్ణి. ఇప్పుడు నచ్చినదాని మీదే ఆగిపోతున్నాడు. తప్పు బుట్టది కాదు, ఎత్తినవాడిది." తాళాలు తీసి ఆమె చేతిలో పెట్టారు. "కొత్త కొట్టు నీదే. ఈ పరుపు మాత్రం ఎవరికీ అమ్మకు, ఇంటికి పంపించు. బల్ల తీసి బయట పడేయించు."

వెనక గదిలోంచి తాత తొంగి చూశాడు. "ఏమైంది? శిక్ష పెంచారా?"

"శిక్ష కాదు తాతా, శిక్షణ" అన్నాడు మైకు, నేర్చుకున్న గొంతుతో.

"ఆఁ? ఎంత పెంచారూ?"

మైకు పెద్దాయన వైపు చూశాడు. ఆయన చెయ్యి ఊపారు. మైకు గుండెనిండా గాలి పీల్చి, చాలా రోజులుగా దాచుకున్న పాత గొంతు విప్పాడు.

"తాతా, ఇది శిక్ష కాదు, శిక్షణ. నన్నెవరూ ఏమీ అనలేదు. బుట్ట తేలికైంది జనం రాక కాదు, వచ్చినవాళ్ళు నిద్రపోయి. అమ్మగారికి తాళాలిచ్చేశారు."

ఎదురు వరస కొట్ల వాళ్ళు గుమ్మాల్లోకొచ్చారు. హాల్లో అందరూ ఒక్కసారి లేచి కూర్చున్నారు. కండక్టరు ఏ స్టాపని అడిగాడు. ఆనవాయితీ ప్రకారం దుప్పట్లన్నీ ఒక్కసారే వచ్చి బుట్టలో పడ్డాయి.

పెద్దాయన ఎత్తబోయారు. బుట్ట కదల్లేదు. "అల్లుడుగారూ, అటువైపు ఓ చెయ్యి వెయ్యండి" అన్నారు.

"అదా సంగతి" అన్నాడు తాత, అంతా అర్థమై. "మరి ఆ బిస్కెట్లు వెనక్కిచ్చెయ్యి."