పడవలో రాసిన అంకెలు

మా బావ తాతబాబుకి అరవై రెండో ఏట చదువు పిచ్చి పట్టింది. కాటికి కాళ్ళు చాచుకున్న వయసులో ఇదేం రోగమని పేటంతా నవ్వింది. అందరికంటే ఎక్కువ నవ్విన వాణ్ణి నేనే. మా అక్క మొగుడు కాబట్టి ఆ హక్కు నాకుంది.

ఇద్దరం ఇరవై ఏళ్ళుగా ఒకే ఫైబర్ పడవ మీద వేటకి వెళ్తున్నాం. ఇద్దరికీ అక్షరం ముక్క రాదు. రాదని నాకు బెంగ లేదు. బావ అలా కాదు. పోర్టు క్రేను అంత బరువెత్తి ఎందుకు బోర్లా పడదో, చలికాలం సముద్రం మీద పొగెందుకు లేస్తుందో, అన్నీ కావాలి. సెకండ్ హ్యాండ్‌లో జీపీఎస్ పెట్టె కొన్నాక ఇక పట్టపగ్గాల్లేవు.

"కొండ కనపడకండా మనం ఎక్కడున్నామో దీనికెలా తెలస్తదిరా?" అని రోజూ ఒకటే గోల.

ఎందుకంటే మాకు దారి చూపేది కొండలే. మాకొక చోటుంది, అడుగున రాళ్ళున్న చోటు. అక్కడ గేలం వేస్తే కోనాం చేపలు పడతాయి. ఒక కొండ మీద ఇంకో కొండ ఎక్కి కూర్చున్నట్టు కనబడాలి, పక్కకి తిరిగితే మరో రెండు గుర్తులు ఒక గీత మీదకి రావాలి. అప్పుడు లంగరేయాలి. ఏ కొండలో మీకు చెప్పను. ఇప్పుడు చెప్పినా పోయేదేం లేదు, అయినా చెప్పను. ఆ గుర్తులు తండ్రి కొడుక్కి సముద్రం మీదే చెప్పాలి, ఒడ్డున నోరెత్తకూడదు. బావకి వాళ్ళ నాన్న అలాగే చెప్పాడు. బావకి కొడుకుల్లేరు, అందుకని నాకు చెప్పాడు. మా రెండిళ్ళూ ఆ చోటు మీదే బతికాయి.

బావ రోజూ సాయంత్రం మా ఇంటికొచ్చి నా కూతురు సాయిదుర్గ ముందు పలక పట్టుకుని కూర్చునేవాడు. అది సెల్‌ఫోన్ల కొట్లో పనిచేస్తుంది, ఓపికున్న పిల్ల. ముందు అంకెలు నేర్పింది. తర్వాత ఆకాశంలో తిరిగే శాటిలైట్ల సంగతి చెప్పింది. మర్నాడు పడవలో మా బావ మెడ పట్టేసేదాకా పైకి చూస్తూనే ఉన్నాడు. నేను గేలాలు సర్దుకుంటూ తిట్టుకున్నాను.

ఒకరోజు ఆ చోట లంగరేశాక నీలం రంగు డబ్బా తీసి ఇంజను పక్కన పడవ లోపలి గోడ మీద ఏదో రాయడం మొదలెట్టాడు.

"ఏటి బావా, పడవలో ముగ్గులేత్తన్నావ్?"

"అంకెలురా. ఇయాల పెట్టె సూపించినయ్యి. మల్లీ వచ్చినప్పుడు సూత్తాను. ఇది నిజం సెప్తాదో అబద్దం సెప్తాదో తేలాల గదా."

పెట్టెని పరీక్షించాలంటే తనకి ఖాయంగా తెలిసిన చోటు కావాలి. అలాంటిది ఆయనకి ఒక్కటే ఉంది. వెళ్ళిన ప్రతిసారీ కింద ఇంకో వరస రాసేవాడు. ఎనిమిది వరసలయ్యాక నా భుజం పట్టుకున్నాడు.

"అన్నీ ఒకటేరా వీర్రాజూ. సివరాకరి అంకె కూసంత అటూ ఇటూ, అంతే. మా అయ్య కొండలూ నిజమే, ఈ పెట్టీ నిజమే."

ఆయన కళ్ళలో నీళ్ళు. నిజం చెప్పొద్దూ, నాకూ సంతోషమైంది. నవ్విన నాపచేనే పండుతుందంటారు కదా అనుకున్నాను.

ఆ తర్వాతి వారం వెళ్ళేసరికి మా చోట అయిదు పడవలున్నాయి. పై వారానికి ముప్పై. గేలాలతో సరిపెట్టుకోక వలలేశారు. రాళ్ళకి చిక్కుకుని తెగిన వలలు తెగినట్టే అడుగున ఉండిపోయాయి. రెండు నెలలకి గేలానికి చేప తగలడం మానేసింది.

ఎవరు చెప్పారో తెలియక నేను బావని అనుమానించాను, బావ నన్ను అనుమానించాడు. చివరికి పక్క పడవ ఉమామహేష్‌ని నిలదీశాను.

"మీ పడవలోనే రాసుంది గదా మావా," అన్నాడు వాడు. "పడవ ఇసకలో పెట్టుంటే అందరం సదివి మా పెట్టెల్లో ఎక్కించుకున్నాం. ఎనిమిదిసార్లు అక్కడికే ఎల్లారంటే ఏదో ఉంటాది గదా. ఇందల దొంగతనం ఏటి?"

సాయిదుర్గని తీసుకెళ్ళి చూపించాను. అది ఒక్కో వరసా చదివి, "ఆ చోటు ఎక్కడుందో రాసేశాడు నాన్నా, మావయ్య," అంది. అంకెలు రాయడం అదే నేర్పింది. వాటిని మనుషులు చదువుతారని ప్రత్యేకంగా చెప్పాలని దానికి తోచలేదు. మా రెండిళ్ళలో దానికి ముందు తరతరాలుగా చదివినవాళ్ళు లేరు, మేము దాచుకున్నదంతా నోట్లోనే. రాత కూడా ఒక నోరేనని మాకెలా తెలుస్తుంది?

నేను మాత్రం అంత ఆలోచించలేదు. మా అక్క ముందే అనకూడని మాటలన్నీ అనేశాను. "సచ్చే ముందు నీకెందుకు బావా సదువు? రెండిల్లు ముంచేశావు," అన్నాను.

"మా అయ్య నోరు మూసుకోమన్నాడు గానీ సెయ్యి మూసుకోమన్లేదురా," అని మాత్రం అన్నాడు బావ. మర్నాడు పెట్టె తీసుకెళ్ళి సాయిదుర్గ చేతికిచ్చి వచ్చేశాడు. పలక ఏం చేశాడో తెలియదు.

ఆ మాటలు వెనక్కి తీసుకోవాలని చాలాసార్లు అనుకున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం. ఇప్పుడూ వేటకి వెళ్తున్నాం, డీజిల్‌కి సరిపడా పడితే గొప్ప. బావ పడవ నడుపుతాడు, లంగరేస్తాడు, తాడు లాగుతాడు.

మొన్న పొద్దున్న మా పడవకి బాగా దగ్గర్లో నీళ్ళు పొంగి, నల్లగా, పొడుగ్గా ఒక సబ్‌మెరైను పైకి తేలింది. పుట్టి బుద్ధెరిగాక అంత దగ్గరగా మేమెప్పుడూ చూడలేదు. పైన మనుషులు నిలబడి ఉన్నారు.

"బావా, అది నీల్లలోకి ఎలగ ములుగుద్ది? మల్లీ ఎలగ తేల్తాది?" అని అడిగాను. నా జన్మలో ఏదైనా తెలుసుకోవాలని ఆయన్ని నేనడిగిన మొదటి ప్రశ్న అది. ఏదో ఒకటి చెప్తాడని, లేకపోతే కనుక్కుందాం పదరా అంటాడని ఆశపడ్డాను.

ఆయన తల తిప్పలేదు. చేతిలో ఉన్న ఖాళీ గేలానికి ఎర గుచ్చుతూ, "మనకెందుకురా అయ్యన్నీ," అన్నాడు.