పదకొండో అంతస్తు దగ్గర నా పట్టు

హైటెక్ సిటీలో నన్ను భయపెట్టే అంతస్తు ఇంతవరకు ఎవరూ కట్టలేదు. పన్నెండేళ్లు తాడు మీద వేలాడుతూ అక్కడి మేడల అద్దాలు తుడిచాను. నేను తుడిచాక అద్దం ఉందో లేదో తెలియక లోపలివాళ్లు దానికి తలలు గుద్దుకునేవారు.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. దిగేవాడు వేసుకున్న ముడిని పైనుండే మనిషి మూడుసార్లు గుంజి చూడాలి. నాకు పైన ఉండేది మా అల్లుడు దినేష్. ఆదివారం మందిరంలో "ప్రభువా, నా బలం నీవే" అని మైకు పగిలేలా ప్రార్థించిన నేను, సోమవారం వాడిని ముడి ముట్టనివ్వలేదు.

"మామా, జర చూడనియ్యి."

"పిల్లనిచ్చిన, ముడి గూడ ఇయ్యాల్నా? నాకు నేర్పుతవా?"

"నేర్పుత లేనే. గుంజి చూస్త."

"అవతలికి జరుగు!"

వాడు రెండో తాడు తెచ్చి, ఒక కొస పైన ముడేసి, రెండో కొస నా వీపు పట్టీకి తగిలించాడు. పసిపిల్లవాడిని కట్టేసినట్టుందని తిట్టి దిగాను.

పదకొండో అంతస్తు దగ్గర గాలి లేచింది. తాడు ఒక పక్కకు ఊగింది. పైన నా ముడి జారింది. రెండు బారలు కిందికి పడ్డాను. వీపు తాడు బిగిసి ఆపింది. నా ముడే జారినప్పుడు వాడిది నిలుస్తుందా? కిటికీ అంచున బెత్తెడు ఇనుప చట్రం దొరికితే రెండు చేతులా పట్టుకున్నాను. కింద కొత్తగూడ దారిలో ఆటోలు చింతగింజలంత ఉన్నాయి. ఇందాకటి గొప్ప వెనక్కి తీసుకుంటున్నాను, ఏమీ అనుకోకండి. అసలు రెండో అంతస్తే నన్ను భయపెట్టేది. ఈల వేసి కప్పిపుచ్చేవాడిని.

"మామా, చెయ్యి ఇడువు! నువ్వు గది పట్టుకుంటే మేం గుంజలేం!"

"ఇడిస్తె సస్తరా!"

"నేను పట్టుకున్న. ఇంకో నలుగురున్నరు. ఇడువే!"

వేళ్లు మాట వినలేదు. లోపల ఒక అమ్మాయి నన్ను చూసి కుర్చీలోంచి లేచి, అద్దానికి అరచెయ్యి ఆనించింది. ఆ అద్దం తెరుచుకునేది కాదు. ఆదివారం చేసిన అంత పెద్ద ప్రార్థనలో ఒక్క ముక్క గుర్తుకు రాలేదు. చేతుల్లో బలం మాత్రం కారిపోతోంది. కాసేపుంటే నేను విడవకున్నా అవే విడుస్తాయి.

"యేసయ్యా, నాతోని కాదు."

అంతే వచ్చింది. ముందు కుడిచేతి వేళ్లు, తర్వాత ఎడమచేతివి. విడిచాను.

విడవగానే గాలి ఠక్కున ఆగింది. నన్ను చేదలా పైకి లాగారు. దినేష్ నా చొక్కా పట్టుకుని, "రేపటి సంది ముప్పైసార్లు గుంజుత" అన్నాడు.

"గుంజు బిడ్డా" అన్నాను.

గాలి ఆగిందన్నది మాత్రం నేను కల్పించాను. అది ఇంకా పెరిగి, పైకి చేరేదాకా నన్ను గోడకేసి కొడుతూనే ఉంది. గాలిని ఆపకుండానే దేవుడు నన్ను పట్టుకున్నాడంటే మీరు నమ్మరేమోనని అలా చెప్పాను.