సకినం నన్ను కాదన్న చలికాలం

నేను ఒక ట్రేని. రేకు మీద తెల్లటి పింగాణీ పూత, అంచు చుట్టూ నీలం గీత, నడిమధ్యన ఎర్ర గులాబీ. గులాబీ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత నా మీద ఏమేం పోశారో విన్నాక మీరు దాన్ని నమ్మరు. ఇంకో సంగతి కూడా ముందే చెప్పేస్తాను, దాచుకుని లాభం లేదు. నాకు కుళ్లు ఎక్కువ. పుట్టుకతోనే వచ్చింది. కార్ఖానాలో బట్టీలోంచి తీసి నన్ను అరలో పెట్టినప్పుడే, పక్క ట్రే గులాబీకి రెండు మొగ్గలున్నాయనీ నాకు ఒక్కటే ఉందనీ చూసి ఓర్చుకోలేకపోయాను. పువ్వులు వేసే ఆమెకు నా వంతు వచ్చేసరికి చెయ్యి నొప్పి పుట్టింది. మనుషులు తమ చేతినొప్పులతో ఎదుటివాళ్ల జాతకాలు రాసేస్తుంటారు.

ఆదిలాబాద్‌లో ఒక గిన్నెల దుకాణం నుంచి నన్ను కమలాబాయి మేనత్త కొన్నది, మేనకోడలి పెళ్లికి ఇవ్వడానికి. పెళ్లికొడుకు విఠల్ బస్సు డిపోలో మెకానిక్. అలా ఇరవై రెండేళ్ల కింద ఆ ఇంట్లో అడుగుపెట్టాను. ఏ చుట్టం వచ్చినా నా మీదే టీ వెళ్లేది. అప్పుడైనా సుఖపడ్డానా అంటే లేదు. మోసేది నేను, చుట్టాల పెదవులు తగిలేది కప్పులకు. "టీ మంచిగున్నది" అనేవాళ్లే కానీ "ట్రే మంచిగున్నది" అన్నవాళ్లు ఇరవై రెండేళ్లలో ముగ్గురు. ఆ ముగ్గురి మొహాలూ నాకు ఇప్పటికీ గుర్తే.

కమలాబాయికి శుభ్రం పిచ్చి. ఆమె ఇంట్లో దుమ్ము కూడా అడిగి లోపలికి రావాలి. ఒకసారి నన్ను పీచుతో రుద్దుతూ బండకేసి కొట్టింది. అంచున పూత లేచింది, లోపలి రేకు బయటపడింది. మరుసటి వారమే చిలకల బొమ్మల ప్లాస్టిక్ ట్రే ఒకటి వచ్చి షోకేసులో నా జాగాలో కూర్చుంది. నన్ను వంటింట్లో వెనక అరలోకి తోసి, మీద ఎల్లిగడ్డలు పోశారు. ఆ చిలకల్ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు కడుపు మంటే.

ఇక అసలు కథ. విఠల్ చెల్లెలు శకుంతలకు మొగుడు పోయాడు. అన్న వెళ్లి తీసుకొచ్చాడు. దగ్గర్లోని కాలనీలో అంగన్‌వాడీ టీచరుగా పని దొరికింది, ముందు గదిలో ఒక మంచం దొరికింది. వదిన ఆమెను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే శకుంతలకు భయం. ఆ ఇంట్లో తలుపు కూడా చప్పుడు కాకుండా వేసేది. ఒక సాయంత్రం కొంగు చాటున ఒక కుక్కపిల్లను తెచ్చింది. అంగన్‌వాడీ వెనక ఇటుకల సందున దొరికిందట. ఏడాది గడిచినా అది పెరిగింది రెండు కొబ్బరికాయలంతే. పడుకుంటే చుట్టలు చుట్టుకుని అచ్చం సంక్రాంతికి చేసే సకినంలా ఉంటుందని సకినం అని పేరు పెట్టింది. శకుంతల పని నుంచి రాగానే అది నాలుగు కాళ్ల మీదా ఎగిరేది. ఆ ఇంట్లో ఆమె వస్తే లేచి ఎదురెళ్లే ప్రాణి అదొక్కటే. నేను వెనక అరలోంచి చూస్తూ ఉడుక్కునేదాన్ని. నా కోసం ఎల్లిగడ్డ కూడా ఎగరలేదు.

తక్కిన కాలమంతా సకినం దొడ్లో జామచెట్టు కిందికి వెళ్లి పని చూసుకుని వచ్చేది. చలికాలం వచ్చింది. ఆదిలాబాద్ చలి సంగతి తెలియనివాళ్లకు చెప్పి లాభం లేదు. తెల్లవారుజామున కుళాయి నీళ్లు కరుస్తాయి, బజార్లో మొహాలు కనపడవు, మంకీ క్యాపులే కనపడతాయి. సకినం గడప దాకా వచ్చి, ముందుకాలు ఒకటి బండ మీద పెట్టి, నిప్పు తొక్కినట్టు వెనక్కి లాక్కునేది. శకుంతల ఎత్తుకెళ్లి చెట్టు కింద దింపితే, ఆమెకంటే ముందే ఇంట్లోకి ఉరికేది. పొద్దెక్కేదాకా బిగబట్టుకునేది. ఎంత బిగబట్టినా రెండు కొబ్బరికాయలంత ఒంట్లో ఎంత పడుతుంది? ఒక పొద్దున కమలాబాయి తలస్నానం చేసి, తడి జుట్టుతో దీపం పెడదామని వెళ్లేసరికి దేవుని అర్రలో, సరిగ్గా పటాల ముందు, చిన్న మడుగు ఉంది.

"గీ కుక్కకు దేవుని అర్ర తప్ప ఇంకో జాగ దొరుకలేదా?" అంది కమలాబాయి. గొంతు పెంచలేదు. "ఇగో శకుంతలా, వచ్చే బేస్తారం మా తమ్ముడు పత్తి తీస్కొని మార్కెట్‌కు వస్తడు. గప్పటిదాక సూస్త. గప్పటికి మారకుంటే పోయెటప్పుడు వాని జీపుల ఎక్కిస్త. చేన్ల కావలికి ఉంటది."

"వదినె, గిది ఎంతుంటది? చేన్ల చలికి ఒక్క రాత్రి గూడ బతుకది."

"చేన్ల కుక్కలు బతుకుతలేవా?"

గురువారానికి ఎనిమిది రోజులుంది. శకుంతల ఆ రోజే వంటింట్లో వెనక అర వెతికి, ఎల్లిగడ్డలు చాటలో పోసి, నన్ను బయటికి తీసింది. ఆహా, నా రోజులు మళ్లీ వచ్చాయి అనుకున్నాను. ఆమె నన్ను వెనక వరండా మూలకు తీసుకెళ్లి గులాబీ మీద రెండు దోసిళ్ల బూడిద పోసింది. పెళ్లికానుకగా వచ్చినదాన్ని, చుట్టాల ముందు తిరిగినదాన్ని, చివరికి కుక్క ఉచ్చకు పెట్టింది! సిగ్గుతో పగుళ్లు పడాల్సింది, పూత గట్టిది కాబట్టి బతికాను.

శకుంతల పట్టుదల మాత్రం చెప్పుకోవాలి. అంగన్‌వాడీ పిల్లలకు నేర్పినట్టే కుక్కకూ నేర్పింది. నిద్ర లేవగానే ఒకసారి, తిన్న పావుగంటకు ఒకసారి తెచ్చి నాలో నిలబెట్టేది. తల్లులు పసిపిల్లలకు చేసినట్టు "స్స్స్... స్స్స్..." అని చప్పుడు చేసేది. ఆ చప్పుడుకి లోపల పేపరు చదువుకుంటున్న విఠల్ రెండుసార్లు లేచి దొడ్లోకి వెళ్లాడు కానీ కుక్క మాత్రం కదల్లేదు. బూడిద వాసన చూసి తుమ్మేది, నాలోంచి దిగేది, తిన్నగా వెళ్లి వంటింటి గుమ్మం దగ్గర కాళ్లు తుడుచుకునే గోనెపట్టా మీద కూర్చునేది. పోసేది.

ఇక్కడ నా బుద్ధి చూడండి. ఆ పని నాకు పెట్టినందుకు పొద్దంతా ఏడ్చినదాన్ని, ఆ పని గోనెకు దక్కేసరికి తట్టుకోలేకపోయాను. గోనె! జొన్నల బస్తా చింపి నాలుగు మడతలు పెట్టిన గోనె! దానికి పుట్టుక లేదు, పువ్వు లేదు, అంచు లేదు. అందరి పాదాల కింద పడి బతికేది. దాని మీద సకినం కళ్లు సగం మూసి, ఎంతో హాయిగా కూర్చునేది. నా వైపు చూసే చూపు మాత్రం డాక్టరు సూదిని చూసినట్టుండేది. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. నాకు మాత్రం పక్క గుమ్మం దగ్గరి ఉచ్చే అమృతంలా కనపడింది.

రోజూ ఆ గోనెనే చూస్తూ ఉండిపోయాను. కుళ్లుకు ఉన్నంత మంచి చూపు ఇంకెవరికీ ఉండదు. మూడో రోజుకల్లా నాకు సంగతి తెలిసిపోయింది. దానికి ఉన్నదీ నాకు లేనిదీ ఒకటే, వాసన. శకుంతల వదినకు భయపడి నన్ను రోజుకు మూడుసార్లు తోమేది. సబ్బుపొడి, ఆపైన ఫినాయిల్, ఆపైన పసుపునీళ్లు. సకినం దారి తప్పి ఒకసారి నా అంచు మీద నాలుగు చుక్కలు వదిలితే వాటిని కూడా మిగల్చలేదు. గోనెనేమో ఎండలేని రోజుల్లో ఉతికితే ఆరదని, వదిన కంట పడకముందే గోడ మీద దులిపి మళ్లీ వేసేది. కుక్క తన వాసన ఉన్నచోటే తన జాగా అనుకుంటుంది. నాలో దానికి ఆసుపత్రి కనపడేది, గోనెలో ఇల్లు కనపడేది. ఇంత తెలిసీ నేనేం చేయగలను? నాకు నోరుంటే శకుంతలతో "అమ్మా, నన్ను కడగకు" అని కాళ్లావేళ్లా పడేదాన్ని. కుక్క మీద జాలితో కాదు. గోనె మీద కోపంతో.

బుధవారం తెల్లవారి కమలాబాయి వట్టికాళ్లతో వచ్చి తడి గోనె మీద అడుగేసింది. ఆ చలిలో! "కుక్క తోక వంకర పోతదా!" అని ఒకే మాట అంది. శకుంతల ఆ పూట తన అన్నం కలిపి కుక్కకే మొత్తం పెట్టేసింది.

గురువారం పొద్దున కమలాబాయి తమ్ముడు మారుతి పత్తి దింపి వచ్చి ముందు గదిలో కూర్చున్నాడు. చిలకల ట్రే మీద టీ వెళ్లింది. శకుంతల పనికి సెలవు పెట్టి, సకినాన్ని తన పాత శాలువాలో చుట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అది కుక్క గురించిన బాధ మాత్రమే కాదని నాకనిపించింది. ఈ ఇంట్లో కుక్కకే జాగా లేకపోతే రేపు తనకు ఎన్నాళ్లుంటుందో అని ఆమె లెక్క. విఠల్ చెల్లెలి మొహం చూడలేక పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

కుక్క సామాను కూడా పంపించేద్దామని కమలాబాయి వెనక్కి వచ్చింది. గోనెను చేత్తో ముట్టుకోదు కదా. ముందు గది నేలకు తగిలితే నేల కడగాలి. అందుకని కుళాయి దగ్గర తోమి బోర్లించిన నన్ను తీసుకుని, కట్టెపుల్లతో గోనెను ఎత్తి నాలో వేసి, రెండు చేతులతో పట్టుకుని ముందు గదిలోకి తెచ్చింది. ఎన్నో ఏళ్ల తర్వాత నేను చుట్టం ముందుకు వెళ్లాను. ఒళ్లో పగవాడితో! చిలకలు పైనుంచి చూస్తున్నాయి.

"మారుతీ, గీ గోనె గూడ తీస్కపో. దీన్నే పట్టుకొని ఏలాడ్తది" అని నన్ను తలుపు దగ్గర దించింది.

సకినానికి పొద్దుటి నుంచి ఒకటి కాలేదు. ఒళ్లోంచి దూకింది. నా చుట్టూ ఒక చుట్టు తిరిగింది, ముక్కు గోనెకు ఆనించింది, నాలోకి ఎక్కింది. మూడుసార్లు గుండ్రంగా తిరిగి కూర్చుంది. శకుంతల నోటి నుంచి అలవాటుగా, ఏడుపు మధ్యలోనే, "స్స్స్..." అని వచ్చింది. సకినం కళ్లు సగం మూసింది. వెచ్చగా పోసింది. ఎక్కడా ఒక్క చుక్క బయట పడలేదు.

మారుతి టీ కప్పు కింద పెట్టి పగలబడి నవ్వాడు. "అక్కా, ఇంట్ల యాడవడితే ఆడ పోస్తదంటివి? గిదేమో దొరసాని లెక్క పళ్లెంల పోస్తున్నది!"

కమలాబాయి నవ్వలేదు. వంగి నా అంచు దగ్గర ముక్కు పెట్టి వాసన చూసింది. తర్వాత గోనె వైపు చూసింది.

"శకుంతలా, దీన్ని రోజుకు ఎన్నిసార్లు కడిగినవ్?"

"మూడుసార్లు వదినె."

"ఫినాయిల్‌తోనా?"

"నువ్వు కోపానికొస్తవని..."

కమలాబాయి వంగిన నడుము ఎత్తింది. ఇల్లంతా ఫినాయిల్ కొట్టేది తనే. ఆ భయం పెట్టిందీ తనే. ఆ సంగతి ఆమెకు అర్థమైంది, మొహంలో కనపడింది. కానీ ఒప్పుకోవడం మనుషులకు గోనె ముట్టుకోవడం కంటే కష్టం.

"ఇయాల వద్దు తీయ్‌రా మారుతీ. చలి పోనీ, సూద్దాం" అంది తమ్ముడితో. ఆడబిడ్డ వైపు తిరిగి, "ఇగ దీన్ని కడుగకు. ఎప్పుడు కడుగాల్నో నేను చెప్త" అంది. విఠల్ పేపరు దించి మడిచి పక్కన పెట్టాడు.

ఆ రోజు నుంచి గోనె ముక్క ఒకటి కోసి నాలో పరిచి, మీద బూడిద పోస్తున్నారు. సకినం తప్పకుండా వస్తుంది. రెండో పని కూడా నాలోనే. ఇన్నాళ్లూ కోరుకున్నది దొరికింది కదా, సుఖంగా ఉన్నావా అంటారేమో. అది వచ్చేది నా కోసం కాదు, గోనె కోసమని నాకు తెలుసు. నా ఒళ్లో కూర్చుని నా పేరు దోచుకుంటోంది గోనె. వీధిలోవాళ్లు మాత్రం "ఆ కుక్క ట్రేల పోస్తదట" అంటున్నారు. గోనె పేరు ఎవరూ ఎత్తరు. అదొక్కటే నాకు ఊరట.

మొన్న ఒక తెల్లవారుజామున చలి మరీ ముదిరింది. దొడ్లో నీళ్లపొయ్యి ముట్టించడానికి అందరికంటే ముందు కమలాబాయి లేచింది. నీళ్లు కాగాక పొయ్యి పక్క బూడిదను అట్లకాడతో లాగి, నిప్పు కణికలు ఒక్కొక్కటీ ఏరి పారేసి, చేతి వెనక వైపుతో వేడి చూసుకుంది. పసిపిల్లకు పట్టే పాలు చూసినట్టు రెండుసార్లు చూసింది. అప్పుడు తెచ్చి నాలో మెల్లగా పరిచింది. అదే సమయానికి శకుంతల శాలువా కప్పుకుని, కుక్కను లేపుదామని బూడిద చాటతో గుమ్మం దాకా వచ్చింది. వదినను చూసింది. చప్పుడు చేయకుండా వెనక్కి వెళ్లి మంచం మీద ముసుగు తన్నింది.

సకినం వచ్చి, అలవాటుగా భయపడుతూ ఒక కాలు పెట్టింది. రెండోది పెట్టింది. నాలుగూ పెట్టి నిలబడింది. పని అయిపోయాక కూడా దిగలేదు. "దిగవే మహారాణీ" అంది కమలాబాయి, ఎవరికీ వినపడకుండా.

ఆ వేడి నా కోసం కాదు. ఇరవై రెండేళ్లలో నా కోసం ఎవరూ ఏదీ వెచ్చబెట్టలేదు. సకినం కోసం, సకినం వెనకున్న మనిషి కోసం పెట్టిన వేడి అది. అయినా అది నన్ను తాకింది, ఆ పూట నా రేకంతా వెచ్చగా ఉంది. నిజం చెప్పాలి కదా, ముందు తాకింది నన్ను కూడా కాదు. బూడిద కింద గోనె ఉంది, గోనె కింద నేనున్నాను. వేడంతా మొదట గోనెకే అందింది, దాన్ని దాటుకునే నా దాకా వచ్చింది. కావాలంటే అంతా తనే ఉంచుకుని ఉండొచ్చు.

నేనైతే ఉంచుకునేదాన్ని.